ముప్పై ఎనిమిది రాళ్ళు

సోమవారం పదకొండింటికి విచారణ. ఇప్పుడు ఆదివారం ఉదయం ఎనిమిది. భానుప్రియకి మిగిలింది ఇరవై ఏడు గంటలు.

యూనివర్సిటీకి చేరిన ఆకాశరామన్న ఉత్తరంలో ఒకే ఒక ఆరోపణ ఉంది. బిలాస్‌పూర్ చుట్టూ ఉన్న ఐదు రైల్వే కటింగుల నుంచి, అంటే పట్టాల కోసం గుట్టని కోసిన చోట్ల నుంచి, వచ్చాయని ఆమె తన పరిశోధన పేపర్లో చెప్పిన పదకొండు వందల నలభై ఆకు రాళ్ళలో, ఐదో కటింగువి బూటకం అని. ఆ పేపరే ఆమెకు పేరు తెచ్చింది. పాతిక కోట్ల ఏళ్ళకు ముందు, ఇండియా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా ఒకే నేలగా అతుక్కుని ఉన్న కాలంలో రాలిన ఆకులు బొగ్గు పొరల పక్కన రాళ్ళలో అచ్చుపడి ఉన్నాయి. ఏ చోట ఏ రకం ఆకు ఎన్ని దొరికాయో చూసి, ఆ చోట్లు అప్పట్లో ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండేవో లెక్కగట్టింది భానుప్రియ. దగ్గరి చోట్ల ఆకులు ఎక్కువగా కలుస్తాయి, దూరమయ్యేకొద్దీ తేడా వస్తుంది. అంతే సూత్రం.

నిన్న తన లెక్కకు తనే పరీక్ష పెట్టుకుంది. రాళ్ళన్నిటినీ ఒకే రాశిగా పోసి, అందులోంచి రెండు వందల పన్నెండు, అంటే ఐదో కటింగులో ఉన్నన్ని, కళ్ళు మూసుకుని తీసినట్టు కంప్యూటర్ చేత తీయించింది. పదివేల సార్లు. ఐదో కటింగు ఎంత వింతగా ఉందో, అంత వింతైన రాశి ఒక్కసారి కూడా రాలేదు.

ఉత్తరం రాసిన మనిషి ఎవరో తెలియదు. కానీ అబద్ధం రాయలేదు.

ఆ రెండు వందల పన్నెండు రాళ్ళూ ఏరింది ఒకే ఒక్కడు. రిటైర్డు కీమేన్ సన్యాసిరావు. భానుప్రియ తాత.

ఊరి శివారు మోప్కాలో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు చివర స్కూటీ ఆపేసరికి మామ్మ చిన్నతల్లి పంపు దగ్గర చేపలు తోముతోంది.

"ఏటే గుంటా, పొద్దున్నే లగెత్తుకొచ్చీసినావు? ఏటైనా తిన్నావా?"

"తిన్నాను మామ్మా. తాత ఎక్కడ?"

"ఎక్కడుంతాడు? వెనకాల. డ్యూటీ." చిన్నతల్లి కత్తిపీట వైపు చూస్తూనే అంది. "రిటైరై పద్దెనిమిదేళ్ళయినాది. గవర్మెంటు మర్చిపోయినాది గానీ ఈయన మర్చిపోలేదు."

పెరట్లో సన్యాసిరావు నిక్కరూ బనీనూ వేసుకుని ప్రహరీ పొడుగునా నడుస్తున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళపాటు రోజూ పట్టాల మీద సుత్తి భుజాన వేసుకుని, పట్టాల్ని బిగించే కీ ఎక్కడ ఊడిందా అని కళ్ళు కిందికి దించి నడిచిన మనిషి. కళ్ళు కిందికే ఉండేవి కనకనే ఆకు రాళ్ళు కనిపించాయి. వాటికి ఆయన పెట్టుకున్న పేరు నాలికాకు. ఆ ఆకు నాలుకలాగే ఉంటుంది.

"తాతా, కూర్చో. నీతో మాట్లాడాలి."

"నడుస్తా సెప్పు."

"లేదు, కూర్చో."

ఆ గొంతు విని ఆయన ఆగాడు. గిలకబావి గట్టు మీద కూర్చున్నాడు. భానుప్రియ లాప్‌టాప్ తెరవలేదు. ముందు అడగాల్సింది కంప్యూటర్‌కి సంబంధం లేనిది.

"ఐదో కటింగు రాళ్ళు నువ్వు నిజంగా అక్కడే ఏరావా?"

సన్యాసిరావు మనవరాలి మొహంలోకి చూశాడు. "మత్లబ్?"

"మత్లబ్, వేరే చోట ఏరి అక్కడివని రాశావా? ఎవరైనా ఇచ్చారా? ఎవరైనా అడిగితే లెక్క నిండడానికి కలిపావా?"

పంపు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది.

"నాను దొంగనా?" అన్నాడు సన్యాసిరావు. కోపంగా కాదు. సర్వీసులో ఒక ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, ప్రశ్న సరిగా అర్థమయిందో లేదో చూసుకునే వాడిలా.

"నేనలా అనలేదు. లెక్క అంటోంది."

"అచ్ఛా. లెక్క ఏటంటాది?"

భానుప్రియ గట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. "గోల్ బజార్లో ఒక రోజు కూరల సంచీ కొన్నావనుకో. అందులో ఏముంటాయి?"

"లాల్ భాజీ. చెచ్ భాజీ. చలికాలమైతే తివరా భాజీ. అన్నీ ఈ ఊరి ఆకుకూరలే."

"దయాల్‌బంద్‌లో కొంటే?"

"అవే. అటూ ఇటూ ఒకటో రెండో తేడా."

"ఇప్పుడు నేనొక సంచీ తెచ్చి గోల్ బజార్లో కొన్నానని నీ ముందు పోశాను. అందులో అంతా గోంగూర, ములగాకు, పెండలం. తివరా ఒక్క కట్ట లేదు. ఏమంటావు?"

"విజయనగరం నుంచి తెచ్చీసినావంటాను."

"నీ ఐదో సంచీ అలా ఉంది తాతా. మొదటి నాలుగు కటింగులూ గోల్ బజారూ దయాల్‌బందూ లాగా ఉన్నాయి. ఐదోది వాటికి పదకొండు కిలోమీటర్ల దూరం, అదే పొర, అదే వయసు. కానీ ఆకులు మాత్రం వేరే ఊరివి. రేపు విచారణ కమిటీ ముందు ఇది చెప్పలేకపోతే నా పీహెచ్‌డీ పోతుంది. అది అటుంచు. రికార్డులో నీ పేరు పక్కన మోసగాడు అని రాస్తారు. అది ఇంక చెరగదు."

చిన్నతల్లి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఆయన్ని అలా అడగొచ్చా, భానూ? అగ్గిపుల్ల కూడా పక్కింట్లో అడిగి తెచ్చుకోడే."

"నువ్వు ఊరుకో," అన్నాడు సన్యాసిరావు. "గుంట సరిగ్గానే అడిగినాది. నాలుగు కీలు బిగువుగా ఉండి ఒకటి ఒదులైతే, ఒదులైనదాన్నే కొట్టి చూస్తాం." ఆయన కాలి బొటనవేలితో నేల మీద ఒక గీత గీశాడు. తర్వాత అడిగాడు. "ఐదోది అంటే కోర్బా వైపు పాత సైడింగు, బొగ్గు బళ్ళ పక్క లైను. పద్నాలుగో కిలోమీటరు. అవునా?"

"అవును."

"అక్కడ నాను ఏరింది కటింగులో కాదు. కటింగు దాటినాక గట్టు మీద."

భానుప్రియకి అర్థం కాలేదు. "గట్టు అంటే?"

"రైలు గట్టే. తొంభై ఏడులో వానలకి అరవై అడుగులు కొట్టుకుపోయినాది. పట్టాలు గాల్లో ఏలాడినాయి. మూడు రోజుల్లో బండి నడపాల. మట్టి దొరకలేదు. అప్పుడు షాడోల్ అవతల నుంచి రెండు రేకులు, రెండు గూడ్సు బళ్ళ నిండా, గుట్ట రాయి తెప్పించి పోయించినారు, బొగ్గు తవ్వినప్పుడు పైన తీసి పారేస్తారు కదా, అది. మా గ్యాంగే సర్దినాది. మర్నాడే చూసినాను, గట్టు నిండా నాలికాకులు. ఏరుకున్నాను."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా? లేబ్ వాళ్ళు ఎక్కడ దొరికిందీ అని అడిగినారు, పద్నాలుగో కిలోమీటరు అన్నాను. అక్కడే దొరికినాది."

భానుప్రియ తల పట్టుకుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. గట్టు మీద రాయి ఆ ఊరి రాయి కాదని, అది వేగన్‌లో వస్తుందని చిన్నపిల్లకి కూడా తెలుసు. యూనివర్సిటీకి వెళ్ళాక మర్చిపోయింది.

లాప్‌టాప్ తెరిచి బావిగట్టు మీదే పెట్టుకుంది. షాడోల్ అవతలి పొరల ఆకుల జాబితా ఎప్పుడో అచ్చయింది. ఆ పొరలు బిలాస్‌పూర్ పొరలకంటే కోటిన్నర రెండు కోట్ల ఏళ్ళు చిన్నవి. ఐదో కటింగు రాళ్ళను దానితో పోల్చింది. ఒక్కొక్క రాయి ఏ చోటికి చెందే అవకాశం ఎక్కువో చూసే లెక్క. పది నిమిషాలు పట్టింది. సన్యాసిరావు తెర వైపు చూడలేదు, మనవరాలి మొహం వైపు చూశాడు.

"తాతా, నువ్వు నిజమే చెప్పావు. రెండు వందల పన్నెండులో నూట డెబ్భై నాలుగు షాడోల్‌వే."

"రెండు వందల పన్నెండు కదా అన్నావు."

"అవును."

"మిగిలిన ముప్పై ఎనిమిది?"

ఆమె జాబితాలు ఒక్కొక్కటే మార్చి చూసింది. ఆ ముప్పై ఎనిమిదీ షాడోల్‌వి కావు. నాలుగు కటింగులవీ కావు. ఇండియాలో అచ్చయిన ఏ జాబితాతోనూ కలవడం లేదు. వాటికి దగ్గరగా ఉన్నది ఒక్కటే జాబితా. అంటార్కిటికా కొండలది.

పేపర్లో అందరూ మెచ్చుకున్న మ్యాపు మీది గీత ఆ ముప్పై ఎనిమిది మీదే నిలబడి ఉంది. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి భానుప్రియ సాక్ష్యం అక్కర్లేదు, అది ఆమె పుట్టకముందే తేలిపోయింది. ఆమె చెప్పిన కొత్త సంగతి, బిలాస్‌పూర్ నేల అంటార్కిటికాలో ఏ చోటికి ఎంత దగ్గరగా ఉండేదో, రెండు వందల కిలోమీటర్లు అటూ ఇటూగా. ఆ రాళ్ళు తీసేసి మళ్ళీ లెక్క వేసింది. అటూ ఇటూ కాస్తా తొమ్మిది వందలయింది. పత్రికల్లో ఫోటో వేయించుకునే సంగతి కాదు ఇంక. అయినా ఇదే నిజమైన లెక్క.

"ఈ రాళ్ళు చూడు," అని ఫోటోలు తెరిచింది. లేబ్‌లో తీసినవి. ఆమె పని అంకెలతో, రాళ్ళ మీది నంబర్లను కాగితం మీదకి ఎక్కించడం తప్ప వాటి అర్థం ఎప్పుడూ అడగలేదు.

సన్యాసిరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి ఫోటో చూశాడు. రెండోది చూశాడు. ఆరోది చూసేసరికి కళ్ళజోడు తీసేశాడు.

"ఇది నా పని కాదు."

"రాత నీదిలాగే ఉంది. తెల్ల పెయింటు, పైన పద్నాలుగు, కింద ఇంకో నంబరు."

"కింద నంబరు చదువు."

"ఇరవై రెండు. తర్వాత దాని మీద పంతొమ్మిది. దీని మీద ఇరవై."

"నాను పైన కిలోమీటరు రాస్తాను, కింద తంతి స్తంభం నంబరు రాస్తాను. ఆ సైడింగులో తంతి స్తంభాలు కిలోమీటరుకి పదిహేను. పదహారోది లేదు. ఇరవై రెండు ఎక్కడిది?"

"ఎక్కడిది?"

"కరెంటు ఖంబాది." ఆయన లేచి నిలబడ్డాడు. "ఇంజనుకి పైన తీగ ఉంతాది కదా, ఆ ఖంబాలకి నంబరు పలక ఉంతాది. వంపులో దగ్గర దగ్గరగా వేస్తారు, ఇరవై రెండు దాకా వెళ్తాది. ఆ సైడింగుకి కరెంటు వొచ్చింది రెండువేల తొమ్మిదిలో. నాను రిటైరయింది ఆరులో. రాళ్ళేరింది తొంభై ఏడులో. లేని ఖంబా నంబరు నాను ఎలా రాస్తానే?"

భానుప్రియ ఫోటోల్ని మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. ఎవరో ఆ గట్టు దగ్గరికి వెళ్ళారు. తాత రాత చూసి నేర్చుకున్నారు. పక్కన ఏ స్తంభం కనబడితే దాని పలక మీది నంబరు ఎక్కించారు. రైల్వే మనిషి అయితే ఆ పొరపాటు చచ్చినా చేయడు.

"రాళ్ళ పెట్టెలు లేబ్‌కి ఎప్పుడిచ్చావు?"

"పన్నెండులో. జీపు పంపించినారు."

"అప్పట్నుంచి లేబ్‌లోనే ఉన్నాయి," అంది భానుప్రియ, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

ఫోన్ మోగింది. తెర మీద పేరు: నాగభూషణం సార్. ఆమె గైడ్. లేబ్‌కి పెద్ద.

"భానుప్రియా, నీ గురించే ఆలోచిస్తున్నానమ్మా. ఒక కాగితం టైపు చేయించాను. రేపు పొద్దున్న సంతకం పెడితే చాలు, విచారణ పది నిమిషాల్లో అయిపోతుంది."

"ఏం కాగితం సార్?"

"ఐదో కటింగు నమూనాలు శిక్షణ లేని వ్యక్తి సేకరించాడు, అతని మాట నమ్మి మోసపోయాను అని. పేపరు వెనక్కి తీసుకుంటాం. నీ పీహెచ్‌డీ ఉంటుంది. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు, ఆయన్ని ఎవరూ ఏమీ చేయరు."

చిన్నతల్లి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఫోన్ స్పీకర్‌లో లేదు, కానీ ఆదివారం పొద్దున మోప్కాలో నిశ్శబ్దం ఎక్కువ.

"సంతకం పెట్టను సార్."

"తొందరపడకు."

"తొందర కాదు. గట్టు మీద పోసిన రాయిని కటింగు రాయి అనుకోవడం నా తప్పు. అది నేనే రాసిస్తాను. కానీ మా తాత మోసం చేయలేదు. రేపు ఆయన్ని కమిటీకి తీసుకొస్తున్నాను. రాళ్ళ మీది నంబర్లు ఆయనే చదువుతారు. ఏవి తనవో, ఏవి కావో చెబుతారు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"మంచిది," అన్నాడు నాగభూషణం. లైను తెగింది.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉండగా భానుప్రియకి తను చేసింది తెలిసింది. రాళ్ళు లేబ్‌లో ఉన్నాయి. తాళం చెవి ఆయన దగ్గర ఉంది. తను ఆధారం ఏదో, అది ఎక్కడుందో చెప్పేసింది.

"తాతా, చొక్కా వేసుకో."

"ఎక్కడికి?"

"డ్యూటీకి."

చిన్నతల్లి "పులుసు పొయ్యి మీదుంది" అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి, "హెల్మెట్ ఆయనకి పెట్టు. పోలీసులు దయాల్‌బంద్ దగ్గర ఆపుతున్నారు," అంది.

సన్యాసిరావు వెనక సీటు మీద రెండు చేతులతో మనవరాలి భుజాలు పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. దయాల్‌బంద్‌లో సిగ్నల్ ఎర్రగా ఉంటే భానుప్రియ దూరిపోబోయింది. భుజం మీద చెయ్యి బిగిసింది. "ఎర్ర సిగ్నల్ దాటకు. సర్వీసులో ఒక్కసారి దాటలేదు." ఆగింది. ఆకుపచ్చ పడింది. గోల్ బజార్ దగ్గర ఆదివారం జనం, హోలీ రంగుల బళ్ళు, కూరల తట్టలు. వాటి మధ్య నుంచి ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. అరపా నది వంతెన దాటి యూనివర్సిటీ గేటు ముందు స్కూటీ ఆపింది.

వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి గేటు తీశాడు. "సార్ భీ అభీ ఆయే హైఁ," అన్నాడు, సార్ కూడా ఇప్పుడే వచ్చారని.

లేబ్ వరండాలో అడుగుపెట్టగానే వాసన తగిలింది. సన్యాసిరావు ముక్కు ఎగబీల్చాడు. "తిన్నర్. పెయింటు తీసీసేది."

తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. భానుప్రియ తోసింది.

బల్ల మీద పెట్టెలు వరసగా తెరిచి ఉన్నాయి. నాగభూషణం చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఒక చేతిలో రాయి, ఒక చేతిలో తడిసిన గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవయ్యేళ్ళు దాటిన మనిషి. ఆయన పక్కన కడిగేసిన రాళ్ళు ఆరేడు ఉన్నాయి, మొహం కడుక్కున్నట్టు శుభ్రంగా. ఆయన ఉలిక్కిపడలేదు. వాళ్ళు వస్తారనీ, ఇంత త్వరగా రారనీ అనుకున్నట్టు చూశాడు.

"ఆ రాయి కింద పెట్టండి సార్," అన్నాడు సన్యాసిరావు.

పద్దెనిమిదేళ్ళ తర్వాత డ్యూటీ గొంతు. బండి వస్తోంటే పట్టాల మీదున్నవాడిని తప్పుకోమనే గొంతు. నాగభూషణం రాయి కింద పెట్టాడు.

భానుప్రియ ఫోన్ తీసి వీడియో నొక్కింది. బల్ల పొడుగునా పెట్టెలన్నీ తీసింది, కడిగిన రాళ్ళు, కడగనివి, తిన్నర్ డబ్బా, గుడ్డ.

"ఈ ముప్పై ఎనిమిది ఎవరు కలిపారు సార్?"

"నేను కలపలేదు."

"మరి ఎందుకు కడుగుతున్నారు?"

నాగభూషణం గుడ్డని డబ్బా మీద పెట్టాడు. సన్యాసిరావు బల్ల దగ్గరికి వెళ్ళి ఆయన కింద పెట్టిన రాయిని అందుకున్నాడు. సగం కడిగిన రాయి. ఇరవై రెండులో ఒక రెండు పోయి ఒక రెండు మిగిలింది. కిటికీ వైపు తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, రైలు పట్టాలో పగులు వెతికినట్టు వెతికాడు.

"భానూ, ఇటు రా. దీని కింద ఇంకో రాత ఉంది."

తెల్ల పెయింటు పోయిన చోట, సన్నగా, నల్ల ఇంకుతో ఇంగ్లీషు అక్షరాలు. దాచడానికే ఆ పెయింటు వేశారు. తిన్నర్ పెయింటుని తిన్నది గానీ ఆ ఇంకుని ముట్టుకోలేదు. మొదటి వరుసలో నంబరు. విదేశీ మ్యూజియం వాళ్ళు మరో సంస్థకి నమూనాలు పంపేటప్పుడు రాసే నంబరు. అంటార్కిటికా జాబితాతో ఎందుకు కలిశాయో ఇప్పుడు తెలిసింది. అవి అంటార్కిటికా రాళ్ళే. లెక్క తప్పలేదు.

ఆమె ఫోన్ దగ్గరగా పెట్టింది. నాగభూషణం రెండడుగులు ముందుకు వేశాడు.

"నన్ను అనుమానించుకో. కమిటీకి నా పేరు చెప్పు, నేను కాదనను. కానీ రెండో వరుస చదవకు. చదివితే ఈ దేశంలో నీకు గైడ్ ఉండడు భానుప్రియా. ఉద్యోగం ఉండదు."

"చదువు," అన్నాడు సన్యాసిరావు. ఆయన ఆ ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

భానుప్రియ కెమెరాకి వినబడేలా నంబరు పైకి చదివింది, ఒక్కొక్క అంకె. తర్వాత రెండో వరుస మీద మిగిలిన పెయింటుని గోటితో గీకింది. నమూనాలు అందుకున్న మనిషి పేరు అది. తారీఖు, కింద పొడి సంతకం.

ఆ పేరు ఆమెకు బాగా తెలుసు. ఆ సంతకం ఇంతకు ముందు ఒకసారి చూసింది, మొన్న శుక్రవారం, విచారణకు రమ్మని వచ్చిన నోటీసు అడుగున, కమిటీ అధ్యక్షుడు అన్న మాట పైన.